హ్యాండిల్‌కు కట్టిన తువ్వాల

ఒకే వీధిలో ఎదురెదురుగా రెండు కంపెనీల కరెంటు స్తంభాలు ఉంటే ఎలా ఉంటుందో మీలో ఎవరూ చూసి ఉండరు. నేను వాటి మధ్యే వయసంతా గడిపాను. సౌదీలో ఖమీస్ ముషైత్ దాటి జిజాన్ వైపు కొండలు దిగుతుంటే తగిలే చిన్న పట్టణం అది. వీధికి కుడిపక్క ఇనుప స్తంభాలు ఊరి కంపెనీవి. అంటే బలదియా, మన మాటలో మున్సిపాలిటీ, సొంతంగా నడిపే కంపెనీ. ఎడమపక్క చెక్క స్తంభాలు మావి. మా కంపెనీ ఒక ముసలి షేకుది. ఊళ్లో కిరసనాయిలు దీపాలు వెలిగే రోజుల్లో ఆయన తండ్రి డీజిల్ జనరేటర్ తెప్పించి బజారు దాకా తీగలు లాగించాడట. ఊరి కంపెనీ ఆ తర్వాతే పుట్టింది.

పోటీ అంటే మామూలు పోటీ కాదు. పెళ్లి చేసే ఇంటివాళ్లు ఏది పోయినా ఏసీ ఆగకూడదని రెండు కనెక్షన్లూ తీసుకునేవాళ్లు. వాళ్ల లైను పోయిందంటే మేము పని లేకపోయినా నిచ్చెన వేసుకుని ఆ వీధిలోనే తిరిగేవాళ్లం, మా బల్బులు వెలుగుతున్నాయని చూపించడానికి. మాది పోయినప్పుడు వాళ్లు ఊరుకుంటారా? మా స్తంభం కిందే నిలబడి చాయ్ తాగేవాళ్లు. కడుపు మండిపోయేది.

ఈ మధ్య మా జగిత్యాల వైపు కరెంటు పనిలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను పిలిచి, సేఫ్టీ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు ఉపన్యాసాలు చేతకావు. వాళ్లు ఫోన్లు చూసుకుంటుంటే నాకు ముక్కు మీదికి కోపం వస్తుంది కూడా. అందుకని ఒక తువ్వాల గురించి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో భోజనాలకు పిలిచారు. మిగతా సగం ఎవరికీ చెప్పలేదన్న బాధ పోక, మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ఆ తువ్వాల మా కాకది. ఆయన మా పక్క మండలం మనిషి, నాకంటే పదేళ్లయినా పెద్ద. నేను కాక అని పిలిస్తే అందరూ అదే ఆయన పేరనుకున్నారు. మాతో పనిచేసే పెషావర్ పఠాన్ 'కాకా సాబ్' అనేవాడు, షేకు కూడా 'యా కాకా' అనే పిలిచేవాడు. లైను మీద మా అందరికీ ఆయనే పెద్ద. తిట్టాడంటే చెవులు మూసుకోవాలి. అన్నం వేళకు మాత్రం ఎవరు తినలేదో చూసి గానీ తాను కూర్చునేవాడు కాదు.

కాక తన చెల్లెలి భర్తను తానే వీసా తీసి తెచ్చుకున్నాడు. సొంత బావమరిది, నవ్వుతూ తిరిగే మనిషి. తాడిచెట్లు ఎక్కిన అలవాటుతో స్తంభాలు చకచకా ఎక్కేవాడు. ఒకరోజు అతను పైన ఇన్సులేటర్ మారుస్తుండగా, ఇంకో వీధిలో పని ముగించిన వాళ్లు స్టేషన్‌కు ఫోన్ చేసి 'అయిపోయింది' అన్నారు. ఆపరేటరు అందరూ దిగారనుకుని హ్యాండిల్ ఎత్తి లైను ఇచ్చేశాడు. అంతే. శవాన్ని దించింది కాకే. శవంతో ఊరికి వెళ్లి, చెల్లెలి ముందు కూర్చుని, పిల్లల చదువులు అయ్యే దాకా నీ ఇల్లు నాది అని మాటిచ్చి తిరిగి వచ్చాడు. ఆ ఆపరేటరును ఒక్క మాట అనలేదు. అతను మాత్రం తలెత్తలేక తన దేశం వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చిన మొదటి రోజు కాక స్తంభం ఎక్కే ముందు నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి ఆపరేటర్ పని నాకిచ్చారు. లైను తెంపే, కలిపే హ్యాండిల్ మా స్టేషన్ గేటు బయట స్తంభానికి ఉండేది. దాన్ని నాచేత కిందికి దింపించి, భుజం మీది తువ్వాల తీసి దానికి ముడేశాడు.

"నా తువ్వాల ఈడున్నంత సేపు నేను పైన ఉన్నట్టు. ఎవడు ఫోన్ జేసినా, షేకే వచ్చి చెప్పినా ముట్టకు. కట్టినోడే ఇప్పాలె" అన్నాడు.

అదే మాకు ఆచారమైపోయింది. పఠాన్ తన శాలువా కట్టేవాడు. బంగ్లాదేశ్ వాళ్లు గళ్ల లుంగీ ముక్కలు కట్టేవాళ్లు. ఒక్కోసారి ఆ హ్యాండిల్ బట్టలారేసిన దండెంలా ఉండేది. ఊరి కంపెనీ వాళ్లు అటు పోతూ నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ. ఆ తర్వాత మా లైను మీద ఒక్క మనిషి పోలేదు.

అలా ఉండగా నితాకత్ అనే సర్కారు రూలు వచ్చింది. ఎంతమంది సౌదీలను పనిలో పెట్టుకున్నారో చూసి ప్రతి కంపెనీకీ ఒక రంగు ఇచ్చారు. ఎరుపులో పడితే ఆ కంపెనీ మనుషులకు ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ కాదు. మా దగ్గర సౌదీలు ఎవరయ్యా అంటే షేకు, ఆయన కొడుకు, గేటు దగ్గర కునికే వాచ్‌మన్. ఎరుపు కాక ఇంకేం వస్తుంది? పైగా పరాయి దేశపు మనిషి ఒక్కొక్కడి మీద కంపెనీ లెవీ కట్టాలన్నారు. ముసలాయన కొన్నాళ్లు ఈదాడు, ఆపైన చేతులెత్తేశాడు. ఊరి కంపెనీ కొంటామంది. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, మీటర్లు, బజారులోని గిరాకీ అంతా కొన్నది. మనుషులు ఆ బేరంలో లేరు.

కఫీల్, అంటే మన వీసాకు పూచీ ఉండే యజమాని, అనగానే కథల్లో రాక్షసుడే ఉంటాడు. మా షేకు అలాంటివాడు కాడు. ఎవరికి ఇవ్వాల్సింది వాళ్లకు ఇచ్చాడు, పెద్ద పళ్లెంలో అన్నం పెట్టించి మా మధ్య కూర్చుని తిన్నాడు, తినలేక లేచిపోయాడు. మమ్మల్ని కూడా తీసుకోమని ఊరి కంపెనీని అడిగాడు. వాళ్ల రంగు వాళ్లకు పాడు కాకూడదు కదా. ఇఖామా మీద ఎలక్ట్రీషియన్ అని ఉన్నవాళ్లలో కొందరినే తీసుకుంటామన్నారు. మా ఆఫీసులో కాగితాలు చూసే కడప భాయ్ ఆ కబురు చదివి వినిపించాడు. నా పేరు ఉంది. పఠాన్ పేరు ఉంది. కాక పేరు లేదు.

ఆయన మొదట హాయిల్‌లో గోధుమ పొలం వీసా మీద వచ్చినవాడు. పొలం మూతపడితే మా షేకు దగ్గరికి మారాడు. కార్డు మీద మాత్రం పొలం కూలీ అనే ఉండిపోయింది. మార్పించుకుందాం, మార్పించుకుందాం అంటూనే ఏళ్లు గడిచిపోయాయి. అప్పుడు ఎవరూ అడగలేదు, ఇప్పుడు అదే అడుగుతున్నారు. కాక ఇంటికి పోతే రెండిళ్లలో పొయ్యి వెలగదు. చెల్లెలి పెద్ద కొడుకు అప్పుడే డిగ్రీలో చేరాడు. నా పేరు ఉన్నందుకు సంతోషించాలో, ఆయన మొహం ఎలా చూడాలో తెలియక ఆ సాయంత్రం నేను రూముకు పోకుండా బజారులో తిరిగాను.

లైను అప్పగించే రోజు వచ్చింది. మా జనరేటర్లు ఆపేసి, మా తీగలను ఊరి కంపెనీ తీగలకు కలపాలి. పొద్దుటి నుంచే బజారు వైపు కరెంటు తీసేశారు. వేసవి. సాయంత్రానికి బలదియా పెద్దలు వచ్చి చూస్తారన్నారు. కలపాల్సిన జాయింటు రెండు వీధుల అవతల స్తంభం మీద. కాక, పఠాన్ ఎక్కాలి. హ్యాండిల్ దగ్గర నేను. కాక ఎప్పటిలాగే తువ్వాల ముడేశాడు, పక్కన పఠాన్ తన శాలువా ముడేశాడు.

ఆయన అటు వెళ్లగానే మా వాళ్లు గేటు దగ్గర గుమిగూడారు. పేరు లేనివాళ్లే ఎక్కువ. మాట ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు, మధ్యాహ్నానికి అందరి నోటా అదే మాట. తువ్వాల ఉన్నంతసేపు మనలో ఎవడూ హ్యాండిల్ ముట్టడు. ఊరంతా చెమటలో ఉడుకుతోంది. పెద్దలు వస్తున్నారు. కాకను తీసుకుంటామని సంతకం పెట్టే దాకా ఆయన విప్పకుంటే సరి. ఏం చేస్తారు?

నాకూ అది న్యాయమే అనిపించింది. ఆ మాట ఇప్పటికీ దాచను.

మధ్యాహ్నం దాటాక పని ముగించి ఇద్దరూ వచ్చారు. పఠాన్ తన శాలువా విప్పుకున్నాడు. కాక హ్యాండిల్ దాకా రాకముందే మా వాళ్లు చుట్టుముట్టి ఆయన చెవిలో ఆ మాట వేశారు. ఒకడు, "కాకా, నీ కోసం కాదు. ఆ పోరగాండ్ల కోసం. వాళ్ల నాయిన పేరు మీద పుట్టిన తువ్వాలనే గదా ఇది" అన్నాడు. కాక వాళ్ల మధ్యలోంచి వెళ్లాడు. గోడ నీడలో కూర్చున్నాడు. తువ్వాల హ్యాండిల్‌కే ఉంది.

ఊరి కంపెనీ ఇంజనీరు జీపు దిగాడు. సౌదీ యువకుడు, పెద్ద చదువు చదివినవాడు, పని తెలిసినవాడే. జాయింటు చూసి వచ్చాడు, బాగుందన్నాడు. లైను ఇవ్వమని నాతో అన్నాడు. తువ్వాల ఉంది, నేను ఇవ్వలేను అన్నాను. విప్పెయ్ అన్నాడు. నేను కట్టలేదు అన్నాను. రేపటి నుంచి నా జీతం ఇచ్చే మనిషితో నేను అలా మాట్లాడానా అని ఇప్పుడు తలచుకుంటే నాకే ఆశ్చర్యం. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

ఆయన విసుగ్గా తానే ముడి మీద చెయ్యి వేశాడు. అప్పుడు పఠాన్ అడ్డం వచ్చాడు. తీసుకునేవాళ్లలో పేరున్న మనిషి, ఆయనకేం పట్టింది? అయినా వచ్చాడు.

"సాబ్, ఇసే మత్ ఖోలో. యే కప్డా నహీ, ఆద్మీ హై" అన్నాడు.

దీన్ని విప్పొద్దు, ఇది గుడ్డ కాదు, మనిషి అని. ఆ ఇంజనీరుకు హిందీ కొంచెం తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇదేమిటని నన్ను అడిగాడు. నాకొచ్చిన అరబ్బీలో బావమరిది సంగతి, తువ్వాల సంగతి చెప్పాను. ఆయన తలపాగా సర్దుకుని చాలాసేపు ఆ ముడినే చూశాడు. తర్వాత వెళ్లి కాక పక్కన, నేల మీదే కూర్చున్నాడు. ఏం కావాలని అడిగాడు. చెప్పడానికి మా వాళ్లందరూ నోళ్లు తెరిచారు. కాక చెయ్యెత్తి ఆపాడు.

అసర్ నమాజు వేళయింది. కరెంటు లేదు కాబట్టి మసీదు మైకు లేదు. ముసలి ముఅజ్జిన్ మిద్దె ఎక్కి ఉత్త గొంతుతో పిలిచాడు. అన్నేళ్లలో ఆ గొంతు మైకు లేకుండా వినడం అదే మొదటిసారి. సన్నగా, అలసిపోయి ఉంది. ఇంజనీరు, పఠాన్, మిగతా ముస్లింలు అక్కడే వరస కట్టి నమాజు చేశారు. కాక గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ కాసేపట్లో ఆయన మనసులో ఏం నడిచిందో నేను ఊహించగలను. చెల్లెలికి ఇచ్చిన మాట ఒక పక్క. ఇంకో పక్క ఏముందో నాకు అప్పుడు తెలియలేదు.

నమాజు అయ్యాక ఆయన లేచాడు. నేరుగా హ్యాండిల్ దగ్గరికి వచ్చి ముడి విప్పడం మొదలుపెట్టాడు. మా వాళ్లు గొల్లుమన్నారు. ఒకడు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు కాక మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"పైన మనిషి ఉన్నడని కట్టిన. ఇప్పుడు పైన ఎవలు లేరు. ఇయ్యాల దీన్ని బేరానికి ఆపితే, రేపు మనలో ఎవడు కట్టినా గీళ్లు బేరమే అనుకుంటరు. బేరమనుకుని ఇప్పేస్తరు. అప్పుడు పైనున్నోడు ఏమైతడు?"

చెయ్యి పట్టుకున్నవాడు వదిలేశాడు. కాక తువ్వాల విప్పి, దులిపి, మొహం తుడుచుకుని భుజాన వేసుకున్నాడు. "ఇగ ఎత్తు" అన్నాడు నాతో. నేను హ్యాండిల్ ఎత్తాను. బజారులో పిల్లల కేరింతలు వినిపించాయి. నాకు కళ్లు మసకబారి హ్యాండిల్ సరిగా పడిందో లేదో కనిపించలేదు. ఆయనే చూసి 'పడ్డది' అన్నాడు.

కడప భాయ్ ఇంజనీరును పక్కకు తీసుకెళ్లి కాక అన్న మాటకు అర్థం చెప్పాడు. ఆయన కాక విషయమై హెడ్డాఫీసుకు వెళ్లాడు, ఒకసారి కాదు, చాలాసార్లు వెళ్లాడు. పని కాలేదు. ఎరుపు, ఆకుపచ్చ, కార్డు మీద పొలం కూలీ, అన్నీ అడ్డం పడ్డాయి. కాలేదన్న సంగతి ఎవరిచేతో కబురు పెట్టకుండా తానే రూముకు వచ్చి చెప్పాడు. చెబుతూ కాక చెయ్యి పట్టుకుని వదల్లేదు. కాకే ఆయన్ని ఓదార్చి పంపించాడు. ఆ నెలలోనే కాక మళ్లీ రావడానికి వీల్లేని ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్లిపోయాడు. బస్సు ఎక్కేటప్పుడు నన్ను తిట్టాడు, గ్లౌజులు చిరిగినా వేసుకుంటున్నానని.

నేను ఊరి కంపెనీలో చేరాను. అక్కడ హెల్మెట్లు, బెల్టులు, హ్యాండిళ్లకు తాళాలు, అన్నీ పద్ధతిగా ఉండేవి. తాళం చెవులు ఆపరేటర్ దగ్గర ఉండేవి. ఇంజనీరు మాత్రం కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజే హ్యాండిల్ దగ్గరికి తీసుకెళ్లి ఒక మాట చెప్పేవాడు. తాళంతో పాటు గుడ్డ కనిపిస్తే, కట్టినవాడు దిగి వచ్చి విప్పే దాకా తాళం చెవి జేబులోంచి తీయొద్దు. కొత్త సౌదీ కుర్రాళ్లు ముసిముసిగా నవ్వేవాళ్లు, మా పఠాన్ కళ్లెర్రజేస్తే ఆపేవాళ్లు.

లైను మీద మనిషి చాలక నన్నూ స్తంభాలు ఎక్కించిన కాలం ఒకటి వచ్చింది. ఒకరోజు కొండ మీద గాలివాన వచ్చి తీగలు తెగాయి. నేను తువ్వాల కట్టి ఎక్కాను. పైన ఉండగా ఫోన్ కింద సంచిలో ఉండిపోయింది. ఇంకో వీధిలో పని ముగించిన వాళ్లు స్టేషన్‌కు ఫోన్ చేసి 'అయిపోయింది' అన్నారు. అవును, అదే మాట. ఆపరేటర్ సీట్లో కొత్తగా చేరిన సౌదీ. లైను ఇవ్వమని పై ఆఫీసర్ల ఒత్తిడి. అతను వచ్చి తాళం తీయబోతూ నా తువ్వాల చూశాడు. ఆగాడు. వాళ్లు ఫోన్లో ఎంత అరిచినా కదలకుండా అక్కడే నిలబడ్డాడు. నేను దిగి వచ్చేసరికి చెమటతో తడిసిపోయి ఉన్నాడు. ఇద్దరం ఒకరి పక్కన ఒకరం కూర్చుండిపోయాం. ఊరి కంపెనీ వాళ్లు ఏనాడైనా దాన్ని బేరం గుడ్డ అనుకుని ఉంటే ఈ నాలుగు ముక్కలు రాసే చెయ్యి ఉండేది కాదు.

తర్వాత లెవీలు ఇంకా పెరిగాయి. ఊరి కంపెనీ కూడా ఒక్కొక్కరినే పంపించేసింది. నా వంతూ వచ్చింది. ఇంటికి వచ్చాక నేను మొదట వెళ్లింది కాక దగ్గరికే.

మండలంలో చిన్న రేకుల షెడ్డులో మోటార్లకు వైండింగ్ చేస్తున్నాడు. మేనల్లుడు డిగ్రీ మధ్యలో ఆపేసి ఆయన పక్కనే రాగి తీగ చుడుతున్నాడు. చెల్లెలు వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కాక ఇచ్చిన మాట పూర్తిగా నెరవేరలేదని నాకు చూడగానే అర్థమైంది. చెప్పాలా వద్దా అనుకుంటూనే గాలివాన రోజు సంగతంతా చెప్పాను. చెల్లెలి చేతులు చాటలో ఆగిపోయాయి.

కాక అంతా విని ఒక్కటే అడిగాడు.

"మరి ఆ తువ్వాల ఇప్పింది ఎవలు?"

"నేనే కాకా. కిందికి దిగినంక నేనే ఇప్పిన."

ఆయన తలూపి మళ్లీ మోటారు మీదికి వంగాడు. అప్పుడు చెల్లెలు నా వైపు చూసింది.

"అన్నా, నీకు పిల్లలెందరు?"

"ఇద్దరమ్మా."

"మంచిగ సదువుకుంటున్నరా?"

సదువుకుంటున్నరన్నాను. ఆమె చాట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.